మూడో ముక్క

పదకొండింటికి పిలుస్తామన్నారు, పదకొండున్నరయింది, తలుపు తెరుచుకోలేదు, ఆమె పిడికిలీ తెరుచుకోలేదు. పిడికిట్లో చేతిరుమాలు, రుమాల్లో బాబిన్. కుట్టు మిషను కింద దారం చుట్టి పెట్టే చిన్న ఉక్కు చక్రం, చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది, అంతకు మించి ఏం లేదు దాంట్లో. ఇంటి దగ్గర రైలెక్కినప్పటి నుంచి దాన్ని పట్టుకునే ఉంది. అన్నం తిన్నప్పుడు ఎడమ చేతిలోకి మార్చుకుంది, తిన్నాక మళ్ళీ కుడి చేతిలోకి. ఎదురుగా తలుపు, తలుపు వెనక బల్ల, బల్ల మీద ఆమె కొడుకు వస్తువులు. వాటిలో ఒకటి విమానాన్ని తిప్పే కర్ర, స్టిక్ అంటారు, దాని అడుగున ఇరుక్కుని దొరికిందట. గుండ్రటి చిన్న ఉక్కు వస్తువు, దేనిదో తెలియలేదు, మీ అబ్బాయి సామాన్లు తీసుకోవడానికి వచ్చినప్పుడు అదీ ఒకసారి చూసి వెళ్ళండి అని కాగితం పంపారు. అది ఈ పిడికిట్లో ఉన్నదానికి తోబుట్టువా కాదా, తేలాల్సింది అదొక్కటే. తేలడానికి ఏముంది గనక. కాగితం చదివిన రోజే మిషను సొరుగు లాగి చూసింది. నాలుగు బాబిన్ల డబ్బీలో మూడే ఉన్నాయి. మంచం కింద చూసింది, చాప కింద చూసింది, గుడ్డపేలికల మూట విప్పి చూసింది. చూస్తున్నంతసేపూ ఇక్కడ దొరకదని చేతులకి తెలుసు. చేతులు అబద్ధమాడవు, నోటికే ఆ జబ్బు.

వరండా పొడుగ్గా ఉంది, పాత ఆస్పత్రిలా. గోడకి సగం దాకా బూడిదరంగు, పైన సున్నం. కిటికీ రెక్కలకి రంగు వేసినప్పుడు చట్రానికి కూడా కలిపి వేసేశారు, తెరుచుకోవు. బల్లల కాళ్ళకి బోల్టులు బిగించి నేలలో పాతేశారు, ఎవరెత్తుకుపోతారనో. పైన విమానాలు తిరుగుతున్నాయి, చిన్నవి, నేర్చుకునేవాళ్ళవి. మోత దగ్గరికొచ్చినప్పుడల్లా కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది, ఆమె పళ్ళు బిగుసుకుంటాయి, మోత దూరమయ్యాక వదులవుతాయి. ఇప్పటికి పదిహేను సార్లు. పక్కన తమ్ముడు. ఇరవై రెండేళ్ళుగా బస్సు కండక్టరు, ఎక్కడ కూర్చున్నా ఎక్కినవాళ్ళెంతమందో చూసుకునే అలవాటు వాడికి. ముగ్గురం ఎక్కాం, టైము దాటి అరగంటైంది, బండి ఒక్క స్టేజీ కదల్లేదు అని గొణిగాడు. మూడో మనిషి ఎదుటి బల్ల మీద ఉన్నాడు. యాభై దాటినవాడు, కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేలాడుతోంది, ఎంత తోమినా పోని నలుపు గోళ్ళ కింద. మోకాళ్ళ మీద ఒక మడత కాగితం పెట్టుకుని దాన్ని రెండు చేతులతో మూసి కూర్చున్నాడు, ఎగిరిపోతుందేమో అన్నట్టు. ఈ మూసిన వరండాలో గాలెక్కడిది ఎగరడానికి.

రైల్లో తమ్ముడికి చెప్పేసింది. చెప్పకుండా ఉండాల్సింది. వాడు కిటికీలోంచి స్తంభాలు చూస్తూ, అక్కా, నీ బాబిన్ లాంటివి లోకంలో లక్షున్నాయి, నువ్వు నోరు మూసుకుని సామాను తీసుకుని సంతకం పెట్టి రా అన్నాడు. వాడి పేరు అమరుల గోడ మీద చెక్కారు అక్కా, ఊరి ఇళ్ళ మీద పడకుండా బండిని పక్కకి తిప్పి ప్రాణమిచ్చాడని పేపర్లో రాశారు, దాన్ని నీ చేత్తో నువ్వే గీకేస్తావా అన్నాడు. పక్కకి తిప్పాడట. ఎలా తిప్పుతాడు, స్టిక్ కదిల్తే కదా. వాడి ఆఖరి మాట వీళ్ళే చెప్పారామెకి, ఇంటికొచ్చి, టోపీ చంకలో పెట్టుకుని, నీళ్ళు కూడా తాగకుండా. స్టిక్ పట్టేసింది అన్నాడట రేడియోలో. రెండుసార్లన్నాడట. అంతే. విమానం ఖాళీ పొలంలో పడింది, దాని దారిన అది పడింది, వాడు పడేయలేదు. ఇరవై మూడేళ్ళ మనిషి, రెండు చేతులతో కర్రని గుంజుతున్నాడు, అది రావడం లేదు, నేల పైకొస్తోంది. ఆ నిజం గోడ మీద ఎక్కదు. గోడ మీద ఎక్కాలంటే అందంగా చావాలి. గుంజి గుంజి చచ్చినవాడికి గోడల్లో చోటుండదు.

ఆఖరిసారి ఇంటికొచ్చి వెళ్ళిన రోజు మధ్యాహ్నం కొడుకు మిషను బల్ల అంచున కూర్చుని కాళ్ళూపుతున్నాడు. సెలవు నాలుగు రోజులు, అందులో మూడు తిరిగేశాడు, నాలుగో రోజు విమానమెక్కేటప్పుడు తొడుక్కునే ఓవరాల్ పట్టుకొచ్చి ఒళ్ళో పడేశాడు. తొడ మీదున్న జేబులో వాడి నోటుబుక్కు పట్టడం లేదట, ఇంకో జేబు కుట్టాలట, ఇప్పుడే, రైలు సాయంత్రమే. ముందే ఏడవొచ్చు కదరా గాలోడా అంది. చిన్నప్పటి నుంచీ అదే పేరు, గోడలెక్కీ మేడలెక్కీ దూకేవాడని. ఇప్పుడు ప్రభుత్వం జీతమిచ్చి గాలోడిగా పెట్టుకుంది నన్ను, నీ ముందుచూపే ముందుచూపు అన్నాడు. బాబిన్‌లో తెల్లదారం ఉంది, పక్కింటివాళ్ళ దిండు గలీబుల కోసం చుట్టింది. జేబు మూడు వైపులు కుట్టాక గానీ చూసుకోలేదు, లోపలి కుట్టు తెల్లగా పళ్ళిగిలిస్తోంది. విప్పి, బాబిన్ తీసి, ఆకుపచ్చది వేసింది. తెల్లది ఎక్కడ పెట్టాలి. బల్ల నిండా వాడి మ్యాపులు, వాడి తొడలు, ఆమె కత్తెర. ఫ్యాక్టరీలో అయితే మిషను పక్కన రేకు పళ్ళెం ఉంటుంది, అందులోనే వెయ్యాలి, ఇంకెక్కడ వేసినా ఆమే ఊరుకోదు. ఇల్లు కదా. చేతిలో ఉన్న జేబులోనే వేసింది. ఒక్క నిమిషం. దొర్లిపోకుండా. కుట్టే ఆడవాళ్ళందరూ చేసేదే, సూది జాకెట్టుకి గుచ్చుకుంటాం, బొత్తాం పంట పట్టుకుంటాం, బాబిన్ చేతికందిన గుడ్డలో వేస్తాం. ఆ నిమిషంలో వాడేదో జోకేశాడు. ఏం జోకు. ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఆ ఒక్క జోకు వెయ్యకపోతే, లేదా వేసినా ఆమె నవ్వకపోతే.

ఫ్యాక్టరీలో ఆమెని అందరూ రిజిస్టరక్క అంటారు. ఇరవై ఆరేళ్ళ కుట్టు, అందులో పద్నాలుగేళ్ళు సూదుల రిజిస్టరు ఆమె చేతిలోనే. మిషన్లో సూది విరిగితే కొత్త సూది ఊరికే ఇవ్వరు. విరిగిన ముక్కలన్నీ ఏరి తేవాలి, మొన, నడుము, మొదలు, అన్నీ. రిజిస్టరులో ఒక పేజీ మీద వాటిని పక్కపక్కన పేర్చి టేపుతో అతికించాలి, సూది మళ్ళీ సూదిలా కనబడాలి, అప్పుడు సంతకం, అప్పుడు కొత్త సూది. ఆవగింజంత మొన తగ్గినా మిషను ఆపేసి, ఆ పూట కుట్టిన బట్టలన్నీ విప్పి వెతకాల్సిందే. ఎవరో పసిపిల్లాడు వేసుకునే చొక్కా అది, వాడి వీపులో గుచ్చుకోకూడదు. ఆ మాట ఎన్ని వందలమంది అమ్మాయిలకి చెప్పింది ఆమె, వేలు చూపించి మరీ. బట్టలో ఇనుము వదలకూడదే అమ్మాయ్, బట్ట మనది కాదు, వేసుకునేవాడిది.

కొత్తగా చేరిన ఒక పిల్ల అబద్ధమాడింది. మొన దొరక్క, వేరే సూది మొన తెచ్చి అతికించేసింది. ఆమె కళ్ళకి అది దొరికిపోయింది, మందం తేడా. మేనేజరు ఆ పిల్లని అక్కడికక్కడే గేటు బయటికి గెంటమన్నాడు. ఆమె మాత్రం రిజిస్టరు చంకన పెట్టుకుని గేటుకి అడ్డంగా కూర్చుంది, వెనక నూట నలభై మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. పిల్ల అబద్ధమాడింది, నిజమే, రాయండి అంది. ఎందుకాడింది. గంటకి తొంభై కాలర్లు కుట్టకపోతే నెత్తి మీద నిలబడి అరిచేదెవరు, అదీ రాయండి. ఒక ముక్క అతికించి రెండో ముక్క దాచేస్తే అది రిజిస్టరెందుకవుతుంది, చెత్తబుట్టవుతుంది. మూడు రోజులకి దిగొచ్చారు. పిల్ల ఉద్యోగం నిలబడింది. నిలబడ్డా ఆ పిల్ల మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు. ఒక్కసారే అంది, పంపు దగ్గర, చేతులు కడుక్కుంటూ, మొహం చూడకుండా.

“వాళ్ళని అతికించావు, బాగానే ఉందక్కా. నన్ను కూడా అతికించేశావు.”

అప్పుడది ఆమెకి ఎక్కలేదు. తప్పు నీది కూడా కదే అనుకుంది. పదేళ్ళ కిందటి మాట, ఇవాళ ఈ బల్ల మీద కూర్చుంటే వీపులో మొనలా గుచ్చుకుంటోంది.

పదహారో విమానం. అద్దం వణికింది. ఎదుటి బల్ల మీద మనిషి తలెత్తాడు, కిటికీ వైపు చూడలేదు, చెవి మాత్రం అటు పెట్టాడు, డాక్టరు గుండె విన్నట్టు. విని, పరవాలేదన్నట్టు తల దించుకున్నాడు. ఆ తల దించడంలో ఆమెకి తెలిసిపోయింది ఇతనెవరో. కాగితంలో ఉంది కదా, ఆ ఉదయం విమానం లోపల విడి వస్తువులేవీ లేవని చూసి సంతకం పెట్టిన మెకానిక్ మీద విచారణ జరుగుతోందని. ఆమె చూడటం చూసి అతను లేచి నిలబడ్డాడు. నిలబడి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. తనే మాట్లాడాడు, నేల వైపు చూస్తూ. మీ అబ్బాయి నన్ను పెదనాన్నా అనేవాడమ్మా, ఆఫీసరు మెకానిక్‌ని అలా అనకూడదు, అయినా అనేవాడు అన్నాడు. పానాల పెట్టె గురించి చెప్పాడు. ప్రతి పానాకీ దాని ఆకారంలోనే ఒక గుంట ఉంటుందట పెట్టెలో, పని అయ్యాక ఒక్క గుంట ఖాళీగా ఉన్నా విమానం కదలకూడదట. ఆమె తలూపింది. ఎవరికి చెబుతున్నాడు.

“ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క గుంట ఖాళీగా వదల్లేదమ్మా. అయినా ఆ ముక్క నాదేనేమో అని రోజూ పెట్టె తెరిచి చూసుకుంటున్నాను. అన్నీ ఉన్నాయి. ఉన్నా నమ్మలేకపోతున్నాను. రాత్రి లేచి చేతులు చూసుకుంటున్నాను.”

తమ్ముడు ఆమె మోచేతిని పట్టుకున్నాడు, గట్టిగా, దిగాల్సిన స్టాపు దాటిపోతోందన్నట్టు. ఆమె పిడికిలి ఒళ్ళో ఉంది. విప్పితే చాలు. ఈ మనిషి ఇవాళ్టి నుంచి నిద్రపోతాడు. విప్పలేదు. బాబిన్ అంచు అరచేతిలో గుండ్రంగా అచ్చు పడుతోంది. మెకానిక్ మోకాళ్ళ మీది కాగితం విప్పాడు. నాలుగు తేదీలున్నాయి. స్టిక్ అడుగున, అది విమానం లోపలి నేలలోకి దిగే చోట, చుట్టూ ఒక గుడ్డ తొడుగుంటుందట, ఏ చిన్న వస్తువూ లోపలికి జారకుండా. ఆ విమానంలో అది చిరిగిపోయింది. నాలుగుసార్లు ఆ విమానం మరమ్మతుల పుస్తకంలో రాశాడు. నాలుగుసార్లూ స్టోరులో లేదన్నారు. విమానం వయసు ఆ కుర్రాడి వయసుకి డబుల్ అమ్మా, దాని సామాను ఇప్పుడెవరు చేస్తారు. పైనుంచి టేపు వేసి నడిపించమన్నారు. వేశాడు. వేసిన టేపు ఊడిపోయి ఉంటుంది.

“ఆ పేజీలు పుస్తకంలో ఇప్పుడు లేవు. నా దగ్గరున్నది ఈ నకలే.”

గుడ్డ తొడుగు. ఎంత గుడ్డ, జానెడు. ఆమె ఫ్యాక్టరీలో కాలర్ల కత్తిరింపు పోగా మిగిలే పేలికలు. చెప్పుంటే తనే కుట్టిచ్చేది కదా, డబుల్ కుట్టు, అంచుకి నాడా పోసి, పదిహేను నిమిషాల పని. కొడుకు తొడకి జేబు కుట్టిన రోజునే, అదే దారంతో. జేబు నోరు తెరుచుకుని ఉంది, తొడుగు నోరు తెరుచుకుని ఉంది, మధ్యలో ఒక చక్రం. ఇప్పుడేం చెయ్యాలి. నోరు మూసుకుంటే ఈ మనిషిని నమిలేస్తారు. నోరు తెరిస్తే ఇంకా సుఖం వాళ్ళకి, తల్లి పొరపాటు అని రాసి ఫైలు మూసేస్తారు, చిరిగిన తొడుగు గురించి ఇక అడిగేవాడుండడు, పైన తిరుగుతున్నవాటిలో ఎన్నిటికి చిరిగాయో ఎవడికి తెలుసు, పదిహేడోది ఇప్పుడే పోయింది, దాంట్లో ఎవరి కొడుకు. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి అంటారు, ఇక్కడ ముందుకీ వెనక్కీ పోవడానికి బల్ల కూడా కదలదు.

ఇదంతా కూడా పైపైదే. అసలుది దీని అడుగునుంది, తమ్ముడికి కూడా చెప్పనిది. ఫోను. ప్రమాదానికి రెండు రోజుల ముందు, ఫ్యాక్టరీలో భోజనాల వేళ. వాడి గొంతులో అల్లరి. అమ్మా, నీ వస్తువొకటి దొంగతనం చేశాను, ఇవ్వను అన్నాడు. ఏంట్రా అది అంది. నాతోపాటు తలకిందులుగా తిరిగొస్తోంది రోజూ, దానికి కళ్ళు తిరగడం లేదు, నీ పెంపకం మరి అన్నాడు. ఏం తీశావురా దొంగ వెధవా అంది. నువ్వే చూసుకో ఏం తగ్గిందో, రిజిస్టరక్కవి కదా అన్నాడు. గంట కొట్టారు. మిషన్లన్నీ ఒక్కసారి మోగాయి. సాయంత్రం చూస్తాలే అనుకుంది. సాయంత్రం చూడలేదు, మర్నాడు చూడలేదు. అంటే వాడు చూశాడు. జేబులో చెయ్యి పెట్టి, తీసి, అరచేతిలో పెట్టుకుని, తెల్లదారం చూసి, నవ్వుకుని, మళ్ళీ అదే జేబులో వేసుకున్నాడు. వాడికి చెప్పకపోతారా, విమానంలోకి విడిగా ఏ ఇనుమూ తీసుకెళ్ళకూడదని. అ ఆలు అవే ఉంటాయి వాళ్ళకి. తెలిసీ పెట్టుకున్నాడు. అమ్మది కదా అని. లోకంలో ఇనుమంతా ప్రమాదం, అమ్మ ఇనుము కాదనుకున్నాడు పిచ్చివెధవ.

తలుపు తెరుచుకుంది.

లోపల ఆఫీసరు లేచి నిలబడ్డాడు, మర్యాదస్తుడే, కూర్చోండమ్మా అన్నాడు. పక్కన గుమాస్తా. బల్ల మీద పళ్ళెం. గడియారం, అద్దం లేదు. తాళంచెవి. అంచులు కాలిన నోటుబుక్కు, ఆ జేబు కొలత అదే, ఆమె వేళ్ళకి తెలుసు. ఒక చిన్న ప్లాస్టిక్ సంచిలో అది. నల్లగా, ఒక వైపు నొక్కుకుపోయి. ఆమె సంచి మీద నుంచే బొటనవేలితో తడిమింది. చుట్టూ సన్నటి చిల్లులు, నడుమ పెద్ద చిల్లు. రుమాలు విప్పి తనది దాని పక్కన పెట్టింది. రెండూ ఒక డబ్బీలోవే, ఒకటి మెరుస్తోంది, ఒకటి బొగ్గు. ఇదేంటమ్మా అన్నాడు ఆఫీసరు. దాని తోబుట్టువు అని, జేబు కుట్టిన సంగతి చెప్పింది, తెల్లదారం సంగతి, ఒక్క నిమిషం సంగతి. 

ఆఫీసరు మొహంలో ముందు జాలి వచ్చింది, నిజమైన జాలే, దాని వెనకే ఊపిరి వచ్చింది, నెలన్నరగా బిగబట్టిన ఊపిరి. ఇది బయటికి పోనివ్వమమ్మా అన్నాడు, అనుకోని చిన్న పొరపాటని ఒక్క వాక్యం రాస్తాం, గోడ మీద పేరు అలాగే ఉంటుంది, బయటున్న అతనికీ ఇక ఇబ్బందుండదు. అందరికీ మంచిదే. గుమాస్తా అప్పుడే కాగితం తిప్పి, సంతకం చోటు వేలితో చూపించాడు. ఆమె కలం తీసుకోలేదు. బల్ల మీద టేపు చుట్ట ఉంది, ఫైళ్ళకి వేసేది. దాన్ని అందుకుంది.

“మా దగ్గర సూది విరిగితే ముక్కలన్నీ అతికించాకే సంతకం. ఇది ఒక ముక్క, నాది. రెండోది మీది. వరండాలో కూర్చునుంది, నాలుగు తేదీల కాగితంతో. పిలవండి. రెండూ ఒకే పేజీ మీదుంటేనే నా చెయ్యి కలం పట్టుకుంటుంది.”

దారం కొరికే అలవాటున టేపుని పళ్ళతో కొరికి ఒక ముక్క బల్ల అంచుకి అంటించింది. ఇంకోటి కొరికి దాని పక్కన. ఆఫీసరు ఆ రెండు టేపు ముక్కల వైపు చూశాడు. పైన విమానం పోయింది, ఎన్నోదో ఈసారి ఆమె చూసుకోలేదు. గుమాస్తా లేవబోయి ఆగాడు. ఆఫీసరు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, గొంతు తగ్గించాడు. పిలుస్తానమ్మా, అదీ రాస్తాను. అన్నీ రాయాలన్నారు కాబట్టి నేనూ ఒకటి అడగాలి. అది జేబులో ఉందని మీ అబ్బాయికి తెలుసా?

గదిలో ఎవరికీ తెలియదు. తమ్ముడికి తెలియదు. ఫోను విన్నది ఆమె చెవొక్కటే, ఆ పైన గంట, మిషన్ల మోత. తెలియదు అంటే చాలు, నాలుగక్షరాలు, కుట్టు లోపల దాగిపోయే ముడి. వాడు అమాయకుడిగా గోడ మీదుంటాడు, నవ్వు ఆమె దగ్గరుంటుంది. మొన దొరకలేదక్కా అని ఆ పిల్ల ఎలా అందో ఇప్పుడు తెలిసింది, నాలుక మీద ఎంత తేలిగ్గా కూర్చుంటుందో ఆ మాట. పంపు దగ్గర ఆ పిల్ల వీపు కనబడింది. నన్ను కూడా అతికించేశావు. మిషను బల్ల మీద కూర్చుని వాడు కాళ్ళూపుతున్నాడు. నువ్వే చూసుకో ఏం తగ్గిందో, రిజిస్టరక్కవి కదా.

టేపు పళ్ళ మధ్య పెట్టి మూడో ముక్క కొరికింది.

“తెలుసు,” అంది. “రాసుకోండి. వాడికి తెలుసు.”